బొమ్మ ఊళ్ళో మా అక్క రోలు

మా శివమ్మక్క మెచ్చుకున్న వస్తువును నేను ఇంతవరకు చూడలేదు. ఒకసారి మా ఆవిడ వండిన చింతచిగురు పప్పు తిని "తినొచ్చు" అన్నది. మా ఆవిడ ఆ ఒక్క మాట మీద ఇన్నేళ్ళుగా బతుకుతున్నది. ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది. అక్క దృష్టిలో హైదరాబాదు ఇరుకు, శంషాబాదు దుమ్ము, రాజేంద్రనగర్‌లో కొడుకు కొన్న మూడో అంతస్తు ఫ్లాటు పావురాల గూడు. మా బావ అనంతయ్య ఉన్నాడు గానీ, ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఆయన కూడా అప్పుడప్పుడు మరిచిపోతాడు.

నేనంటే అక్కకు మరీ చులకన. మా నాన్న నన్ను చిన్నప్పుడే పట్నంలో కాన్వెంటులో వేశాడు. "నన్నేమో బర్ల ఎంట తోలిండు, నిన్నేమో దొరసానుల ఎంట తోలిండు" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. దొరసానులంటే సిస్టర్లు. వాళ్ళు నాకు ఫోర్కుతో బఠాణీలు తినడం, అబద్ధం ఆడకూడదని ఇంగ్లీషులో చెప్పడం నేర్పారు. అబద్ధాలు నేను తెలుగులోనే ఆడేవాణ్ణి కాబట్టి ఎన్నడూ పట్టుబడలేదు.

అక్కకు చదువు లేదు. అయినా పాల క్యాన్లతో బస్సెక్కి వచ్చి శంషాబాదు హోటళ్ళన్నిటినీ ఏలింది. పాలు పలచగా ఉన్నాయని హోటలువాడు అంటే చాలు, వాడి చాయలో ఏమేం కలుస్తాయో గిరాకీల ముందరే చెప్పి, చెంబు బోర్లించి వచ్చేసేది. మర్నాడు వాడే బస్టాండు దాకా ఎదురొచ్చి క్యాను మోసుకుపోయేవాడు.

మా ఊరు రాళ్లకుంట. అక్కను ఊళ్ళోనే ఇచ్చారు. ఒక వెంచరు కంపెనీ వచ్చి మొదట పొలాలు కొన్నది, తర్వాత ఇళ్ళు కొన్నది, చివరకు ఊరి పేరు తప్ప అన్నీ కొన్నది. పేరు ఎందుకు వదిలేసిందంటే, రాళ్లకుంట అంటే విల్లాలు అమ్ముడుపోవు.

ఊరు ఖాళీ చేసేనాడు అక్క వాళ్ళ లారీలో ఒక్కదానికే చోటు మిగిలింది. ఒక పక్క కొత్తగా కొన్న ఫ్రిజ్జు, ఇంకో పక్క వాకిట్లో మెడ దాకా భూమిలో పాతుకుని ఉన్న రోలు. రోలును తవ్వి తీయాలంటే ఒక పూట పడుతుంది. లారీవాడేమో హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. "ఫ్రిజ్జే ఎక్కియ్యిన్రి" అన్నది అక్క. ఆ మాట తనే అన్నది, ఇంకెవరి మీదికీ నెట్టడానికి వీల్లేదు. అందుకని ఫ్రిజ్జును తిట్టడం మొదలుపెట్టింది. అది పాడైపోతే ఇంకోటి తెచ్చారు. కొత్త ఫ్రిజ్జు ఏ పాపమూ చేయకుండానే పాత తిట్లకు వారసురాలైంది.

ఈ రోలు గొడవ ఇన్నేళ్ళ తర్వాత అరుణ పెళ్ళికి పైకి తేలింది. అరుణ అక్క మనవరాలు, విమానాశ్రయంలో జనాల పెట్టెలు తూచే ఉద్యోగం చేస్తుంది. ఊరు విడిచాక ఆ ఇంట్లో ఇదే మొదటి పెళ్ళి. మా ఇళ్ళలో పెళ్ళి పని పసుపు దంచడంతో మొదలవుతుంది. ఐదుగురు ముత్తయిదువులు ఇంటి రోలును కడిగి, బొట్టు పెట్టి, మామిడాకు కంకణం కట్టి, పసుపు కొమ్ములు పోసి వంతులవారీగా రోకలి వేస్తారు. మొదటి పోటు పడ్డాక మధ్యలో ఆపకూడదు, రోలు మార్చకూడదు. ఆ పసుపే పెళ్ళిపిల్లకు పూస్తారు, తలంబ్రాల బియ్యంలో కలుపుతారు. అక్క అత్తగారింట్లో ఎవరి పెళ్ళయినా పసుపు ఆ ఒక్క రోట్లోనే నలిగింది.

పెళ్ళి ఏర్పాట్లు చూసే కంపెనీవాళ్ళు జరీ సంచిలో పసుపు పొడి, దాంతోపాటు అరచేతిలో పట్టే ఇత్తడి రోలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"గిదేంది, ఇలాచీలు నూరుకునేదా?" అన్నది అక్క.

"ఫోటోల కోసం నానమ్మా" అన్నది అరుణ. "ఊకె గట్ల పట్టుకొని నిలబడాలె."

"అన్నీ ఊకెనేనా? పిలగాడు గూడ ఫోటో కోసమేనా?"

అరుణ నవ్వింది. అక్క నవ్వలేదు. ఇత్తడి రోలును వేలితో బల్ల చివరి దాకా నెట్టింది.

"మన రోట్లె దంచిన పసుపు లేకుంటే నేను పెండ్లి కాడికి రాను. మీ తాతను తీస్కపోన్రి. ఆయన వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే."

పక్క గదిలో బావ దగ్గాడు. అంతకు మించి అభ్యంతరం చెప్పలేదు.

మా అక్క మాట అంటే వెనక్కి తీసుకోదని అరుణకు తెలుసు. నానమ్మ లేని పెళ్ళి పందిరిని తలుచుకున్నదేమో, ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. కాసేపు ఫోను తిప్పి ఒక బొమ్మ చూపించింది. "మన ఊరి కాడ ఆ కంపెనీవాళ్ళే ఒక మ్యూజియం పెట్టిన్రు నానమ్మా. పల్లె పరిమళం అని. పాత ఇండ్లు, పాత సామాన్లు అన్నీ ఉన్నయట. గిటు చూడు, రోళ్ళు."

ఉన్న ఊరిని కూల్చి, ఆ ఊరి మూలనే ఒక ఊరిని కట్టి, లోపలికి పోవడానికి టికెట్టు పెట్టారన్నమాట. కాన్వెంటులో చదివిన నాకు కూడా ఇలాంటి అబద్ధం తట్టలేదు. నాకు అసూయ కలిగింది.

అక్క ఫోనును కంటికి ఆనించుకుని చూసింది. వరసగా రోళ్ళు, ఒక్కో దాంట్లో ఒక్కో మొక్క.

"ఉంటది. ఆడ్నే ఉంటది. నా రోలును చీకట్ల చెయ్యి పెట్టినా గుర్తు పడత. ఒక దిక్కు పెదవి చిట్లి ఉంటది."

"అడిగితే ఇస్తారా అక్కా?" అన్నాను.

"అడుగుడేంది? ఆడికే పోయి దంచుకొనొద్దం. నువ్వు గూడ రా తమ్మీ. గేటు కాడ ఇంగ్లీషు మాట్లాడెటోడు ఒకడుండాలె. ఇన్నేండ్లకు నీ చదువు అక్కరకొచ్చింది."

అలా ఒక వ్యానులో బయలుదేరాం. అక్క, కోడలు, ఇంకా ముగ్గురు చుట్టాలు, అంటే ముత్తయిదువులు ఐదుగురు, పెళ్ళికూతురు, దుప్పటిలో చుట్టిన రోకలి, నేను. హిమాయత్ సాగర్ పక్కన పోతుంటే చుట్టాలకు పొద్దు పోవాలని ఆ చెరువులోని వాలుగ చేప సంగతి చెప్పాను. మా చిన్నప్పుడు అది ఒక పోస్టుమాను సైకిలును మింగింది. ఆ తర్వాత చాలా కాలం అది ఒడ్డుకు వచ్చినప్పుడల్లా బెల్లు మోగేది, కట్ట మీద నడిచేవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చేవాళ్ళు.

"సైకిలుతోని పాటు నిన్ను గూడ మింగుతే మంచిగుండేది" అన్నది అక్క.

మ్యూజియం గేటు పక్కనే విల్లాలు అమ్మే ఆఫీసు. దాని ముందు గులాబీరంగు రాతి దిమ్మె మీద నున్నగా మెరుస్తున్న ఒక రోలు. అంచు గుండ్రంగా, గాజు గిన్నెలా ఉంది. నడిమధ్య నుంచి నీళ్ళు బుడబుడ ఉబికి అన్ని వైపులా కారుతున్నాయి. అడుగున ఎవరో వేసిన చిల్లర.

"అగ్గొ, రోలుతోని ఉచ్చ పోయిస్తున్నరు!" అంటూ అక్క వ్యాను దిగింది. చుట్టాలు పడీపడీ నవ్వారు. "పిల్లా, దీని పక్కన నాదొక ఫోటో తియ్యి. మీ తాతకు చూపియ్యాలె. సిగ్గు లేనోళ్ళు ఎవలదో రోలు తెచ్చి ఏం చేసిన్రో చూడమని." అరుణ ఫోటో తీసింది. అందులో మా అక్క ఎన్నడూ లేనంత పెద్దగా నవ్వుతున్నది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను దుప్పటి విప్పించాడు.

"గిదేందమ్మా?"

"చేతికర్ర."

"గింత పొడుగా?"

ఇక నా వంతు వచ్చింది. ఆమెకు తొంభై దాటాయనీ, ఇది పెద్ద దవాఖానలో కొలత తీసి చేయించిన ఊతకర్ర అనీ, చివరన ఇనుప పొన్ను జారకుండా ఉండడానికనీ సిస్టర్లు నేర్పిన ఉచ్చారణతో ఇంగ్లీషులో చెప్పాను. అతనికి ఇంగ్లీషు రాదు. అందువల్ల నా మాటలో అతనికి లోపమేమీ కనిపించలేదు. సెల్యూట్ కొట్టి లోపలికి పంపాడు.

"నాకు తొంభయ్యా?" అని అక్క నా చెయ్యి గిల్లింది. అయినా అతను చూస్తున్నంత సేపూ వంగి, రోకలి ఊనుకుంటూ నడిచింది.

లోపల ఊరు చాలా శుభ్రంగా ఉంది. అంత శుభ్రమైన ఊరిని చూస్తే జనాలకు జబ్బు చేసి వెళ్ళిపోయారేమో అనిపిస్తుంది. మొదట ఒక కొట్టం, అందులో ఫైబరుతో చేసిన బర్రె. జన్మంతా పాలమ్మిన మా అక్క వంగి దాని పొట్ట కింద చూసింది.

"పొదుగే లేదు. పాలెక్కడికెల్లి పిండుతరు, ముక్కులకెల్లా?"

తర్వాత పేడతో అలికిన గోడ. గోరుతో గీకింది, వాసన చూసింది. పెయింటు. సిమెంటు చింతచెట్టులో దాచిన స్పీకరులో కోడి కూసింది. మిట్టమధ్యాహ్నం. "గిది ఏ షిఫ్టు కోడి?" అని అరుణను అడిగింది. సరిగ్గా అప్పుడే ఒక విమానం తలల మీదుగా దిగి కోడి నోరు మూయించింది. ఆ రోజు విమానాన్ని మాత్రం అక్క తిట్టలేదు.

ఊరంతా ఒకటే వీధి. దొర ఇల్లు, దాని పక్కనే రైతు ఇల్లు, దాని పక్కనే కుమ్మరి ఇల్లు, దాని పక్కనే చెప్పులు కుట్టేవాళ్ళ ఇల్లు, అన్నీ ఒకే వరసలో, ఒకే రంగులో. చివర బోర్డు: కలిసిమెలిసి బతికిన మన పెద్దలు. నేను చదివి వినిపించాను.

"ఎవలు రాసిన్రు?" అన్నది అక్క.

"పేరు లేదు."

"ఊర్ల ఉన్నోడైతే కాదు. ఆ చెప్పులు కుట్టే మల్లయ్యను మన బాయి కాడికి రానిచ్చిన్రా ఎన్నడన్న?" ఇంకో అడుగు వేసి ఆగింది. "మరి బిల్కీసోళ్ళ గల్లీ ఏది?"

ఎక్కడా లేదు. అంత పెద్ద ఊళ్ళో ఒక్క సాయిబుల ఇల్లు కూడా కట్టలేదు. రాళ్లకుంటలో అక్క వాళ్ళ గోడకు అటు పక్కే బిల్కీసు ఇల్లు. కోళ్ళ మీద, నీళ్ళ మీద, గోడ మీద ఆరేసిన బొంతల మీద ఇద్దరూ రోజూ తగాదా పడేవాళ్ళు. రంజానుకు సేమ్యాలు ఇటు వచ్చేవి, బతుకమ్మకు సత్తుపిండి అటు పోయేది. మర్నాడు పొద్దున మళ్ళీ కోళ్ళు. ఊరు పోయాక ఎవరెక్కడున్నారో తెలియలేదు.

"గంత కొట్లాట బొమ్మ ఊర్ల పట్టదు లే" అని అక్క ముందుకు నడిచింది.

రోళ్ళు రైతు ఇంటి వెనక, మరుగుదొడ్లకు పోయే దారిలో ఉన్నాయి. మ్యూజియంలో ఏ ఇంటికీ లేనంత చక్కటి పాలరాయి ఆ దొడ్లకు ఉంది. దారికి రెండు పక్కలా రోళ్ళు, వాటిలో మొక్కలు. అక్క ఒక్కో దాన్ని చూసి "కాదు" అంటూ వెళ్ళి, పెదవి చిట్లిన రోలు దగ్గర ఠక్కున ఆగింది.

"ఇగో!"

అందులో మనీ ప్లాంటు పెరుగుతున్నది. అక్క దాన్ని వేళ్ళతో సహా పెకిలించి నా చేతిలో పెట్టింది. "పట్టుకో. నీకేం పని లేదు గద."

మట్టి తీసి సీసాల నీళ్ళతో కడిగారు. పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు గుచ్చిన దారం కట్టారు. పసుపు కొమ్ములు పోశారు. అక్క రోకలి ఎత్తి మొదటి పోటు వేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఆమె ముఖంలో ఫ్రిజ్జు మీద కోపం లేదు. రెండో పోటు కోడలు వేసింది. ఒకామె పెళ్ళిపాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. అరుణ పక్కన కూర్చుని చేతులతో కొమ్ములను లోపలికి తోస్తున్నది.

దొడ్లకు పోయేవాళ్ళు ఆగిపోయారు. ఫోన్లు లేచాయి. విల్లాలు చూడడానికి వచ్చిన ఒకావిడ నల్లకళ్ళద్దాలు తలమీదికి తోసి, "ఆంటీ, ఒక్కసారి నాకు ఇస్తారా? రీలు తీసుకుని ఇచ్చేస్తా" అన్నది.

"పెండ్లయిందా?"

"అయింది."

"మొగడు మాట్లాడుతడా?"

ఆవిడ ఇబ్బందిగా భర్త వైపు చూసింది. "సమజైంది. ఇగ చాలు, నిలబడి చూడు" అన్నది అక్క.

ఇంతలో మ్యూజియం మేనేజరు పరుగున వచ్చాడు. అరవింద్ అని మెడలో కార్డు. కోస్తా మాట, నలగని చేనేత కుర్తా.

"అమ్మా, దయచేసి ఆపండి. ఇవి ప్రదర్శన వస్తువులండీ. ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుంటే పసుపు ఎట్ల నలుగుతది బిడ్డా?"

ఏదో చెప్పబోయాడు. చుట్టూ చూశాడు. వాళ్ళ కోడి కూతకు ఎన్నడూ ఇంతమంది చేరి ఉండరు. అతని ముఖం మెల్లగా మారి చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టాయి.

"మీరు ఏ బృందమండీ?"

"పెండ్లోళ్ళం."

"అద్భుతమండీ! ప్రతి శనివారం రాగలరా?"

"ప్రతి శనివారం లగ్గం పెడితే పిల్ల ఒప్పుకుంటదా?" అన్నది అక్క, రోకలి ఆపకుండానే.

ఇక ఆమెతో లాభం లేదని అతను నా దగ్గరికి వచ్చాడు. తెల్లజుట్టు, ఇంగ్లీషు, చేతిలో మొక్క. నేను పండితుడిలా కనిపించి ఉండాలి. "ఈ రోలుకు ఏదైనా చరిత్ర ఉందా సార్? అంచు ఎలా పగిలింది?"

అడగాలా? జాగీర్దారు ఏనుగు పసుపు వాసనకు బెదిరి పెళ్ళి పందిట్లోకి వచ్చిందనీ, రోట్లో కాలు పెట్టి ఇరుక్కుపోయిందనీ, ఊరంతా రోలును పట్టుకుని గుంజితే ఏనుగు కాలు బయటికి వచ్చి అంచు పగిలిందనీ చెప్పాను. ఆ పెళ్ళికి పసుపు చాలక ఏనుగు కాలికి అంటుకున్నదే గీకి వాడారని కలిపాను. అతను ఫోనులో రాసుకున్నాడు. ఇప్పుడా రోలు పక్కన ఇత్తడి బోర్డు ఉంది. పోయినవాళ్ళు చదువుకోవచ్చు.

కొమ్ములు సగం నలిగాయి. గాలంతా పసుపు వాసన. అప్పుడు రైతు ఇంటి వెనక తలుపు తీసుకుని ఒక ముసలావిడ వచ్చింది. గళ్ళ చీర, చేతులనిండా జొన్నపిండి, రొమ్ము మీద పేరు బిళ్ళ: లక్ష్మమ్మ, రైతు భార్య. జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, నడుము మీద చేతులు పెట్టింది.

"ఓ శివమ్మా! మా రోట్లె ఏం జేస్తున్నవ్?"

అక్క తలెత్తింది. రోకలి గాలిలోనే ఆగింది.

"బిల్కీసూ?"

"హౌ, బిల్కీసే. ఇంకెవరనుకున్నవ్?"

"గీ లక్ష్మమ్మ ఎవలే?"

"నేనే. ఈడ రొట్టెలు చేసి చూపిస్తున్న. రైతు ఇంట్ల బిల్కీసు ఉంటే చూసెటోళ్ళు పరేషాన్ అయితరట, గందుకే పేరు మార్చిన్రు. పని లక్ష్మమ్మ చేస్తది, తినేది బిల్కీసు."

"పేరు గూడ కిరాయికిచ్చినవా, సిగ్గు లేకుండ?"

"నువ్వు మంది రోలు లాక్కొని నన్ను సిగ్గు అంటవా?"

చుట్టూ నవ్వులు. ఇది కూడా ఆటలో భాగమనుకున్నారు. అరవింద్ ఆనందంతో చేతులు నలుపుకుంటున్నాడు.

"మీ రోలెట్లయితది? చూడు, పెదవి చిట్లింది" అన్నది అక్క.

"అది జేసీబీ ఎత్తేసినప్పుడు చిట్లింది. నీ ముంగటనా? నువ్వు ఫ్రిజ్జు ఎక్కిచ్చుకొని పోయినవ్. మేము కడదాంక ఉన్నం, నేను చూసిన." బిల్కీసు దగ్గరికి వచ్చింది. "లోపల చెయ్యి పెట్టు శివమ్మా. గుంట ఎడమకు ఒరిగి ఉంటది. మా అత్త ఎడమచేతి మనిషి, యాదికి లేదా? బతికినన్ని రోజులు గట్లనే దంచింది. ఆ రోలు కాడ కూసోవచ్చనే నేను ఈ పనిల చేరిన."

అక్క పసుపులోకి చెయ్యి పెట్టి అడుగు తడిమింది. ఎడమకు. మళ్ళీ తడిమింది. చీకట్లో చెయ్యి పెట్టి గుర్తు పడతానన్న మనిషి, పట్టపగలు కళ్ళారా చూసి తప్పు చెప్పింది. తెలిసినా ఒప్పుకోదేమో అనుకున్నాను. చెయ్యి బయటికి తీసి, మోచేతి దాకా అంటిన పసుపును చూసుకున్నది.

"మరి నాదేది?"

బిల్కీసు కొంగుతో చేతులకున్న పిండి తుడుచుకున్నది.

"గేటు కాడ చూడలే? నీళ్ళు పోస్తది."

ఎవరూ నవ్వలేదు. అరుణ చేతిలోని ఫోనును వెనక్కి దాచుకున్నది.

"మెడ దాంక భూమిల ఉండె గద నీ రోలు. కింది దిక్కు నువ్వు గూడ ఎన్నడూ చూడలే, ఎట్ల గుర్తు పడతవ్? తవ్వి తీసిన్రు. మంచిగున్నదని ఆ చిట్లిన అంచు అరగదీసిన్రు. మెషిన్ పెట్టి నడుమల తొలిచిన్రు. నేను ఈడ్నే ఉన్న. 'అది శివమ్మది, తొలవకున్రి' అని చెప్పిన. 'శివమ్మ ఎవరు' అన్నరు."

తొలిచిన రోట్లో పసుపు నిలవదు. అంటే అక్క దంచాలనుకున్న రోలు ఇక రోలే కాదు. ఇక్కడేమో వేరేవాళ్ళ రోట్లో పెళ్ళి పసుపు సగం నలిగి ఉంది. ఆపకూడదు, మార్చకూడదు. కోడలు అత్త ముఖంలోకి చూసింది. "ఎట్ల చేద్దాం అత్తా?" అన్నది మెల్లగా. అరుణ కళ్ళు నానమ్మనే చూస్తున్నాయి. నానమ్మ ఇప్పుడు కాదంటే పెళ్ళికి రానట్టే.

చుట్టాల్లో ఒకామె గొణిగింది. "వాళ్ళ రోట్లె మాంసం మసాలలు నూరి ఉంటరు గద వదినా..."

అక్క తోక తొక్కినట్టు లేచింది. "మన రోట్లె ఏం నూరినం? గంధమా? బోటిల కారం నువ్వు తినలేదా మా ఇంట్ల, ఏళ్ళు నాక్కుంట?"

అక్క రోకలిని బిల్కీసు వైపు చాచింది.

"పట్టు."

"నేనా?"

"రోలు గలామె చెయ్యి పడకుండ పసుపు ఎట్ల నలుగుతది? ముందుగాలనే నువ్వు ఏసేది ఉండె. ఆలస్యం జేసినవ్. ఎన్నడు టైముకు వచ్చినవ్ గనుక."

బిల్కీసు వెనక్కి జరిగింది. గొంతు తగ్గించి అన్నది. "వద్దు శివమ్మా. మా ఆయన పోయిండు. నేను చెయ్యి పెట్టొద్దు, పెండ్లి పసుపు."

ముత్తయిదువులు నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈ సంగతిలో మా అక్క ఎంత పట్టింపు మనిషో నాకు తెలుసు. తోబుట్టువు వరసైన మనిషినే ఒకసారి పెళ్ళిలో పక్కకు కూర్చోమన్నది. కాన్వెంటు చదివిన నేను ఆ రోజు నోరెత్తలేదు, అది వేరే సంగతి. అక్క బిల్కీసును కింది నుంచి పై దాకా చూసింది.

"నిన్నెవలు పిలిచిన్రు? పిలిచింది రోలును. రోలుకు మొగడున్నడా?"

"శివమ్మా..."

"నీ మొగడు ఉన్నప్పుడు మాత్రం ఏం ఒరగబెట్టిండు? నీ కోళ్ళను మా ఇంట్లకు తోలుడు తప్ప. పట్టు అంటున్న. పిల్లకు పొద్దు పోతున్నది. ఆ బిళ్ళ తీసెయ్ ముందుగాల. లక్ష్మమ్మ ఎవలో నాకు తెల్వదు."

బిల్కీసు అరుణను చూసింది. అరుణ లేచి వచ్చి ఆమె రొమ్ము మీది బిళ్ళను తనే విప్పింది. ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతిలోని మనీ ప్లాంటుకు తగిలించింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆ మొక్క పేరు లక్ష్మమ్మ.

"అమ్మా, బిళ్ళ తీయకూడదండీ, నిబంధన..." అని అరవింద్ అనబోయాడు. నలుగురు ముత్తయిదువులు ఒకేసారి అతని వైపు తిరిగారు. అతనికి ఎవరో ఫోను చేసినట్టు గుర్తొచ్చి పక్కకు వెళ్ళిపోయాడు.

బిల్కీసు రోకలి పట్టింది. మొదటి పోటు భయంగా పడింది, రెండోది కొంచెం గట్టిగా. "జొన్నలు దంచుతున్నవా? ఇంకింత ఎయ్యి" అన్నది అక్క. "నువ్వు నోరు మూస్కో, పాట పాడు" అన్నది బిల్కీసు. అక్కకు పాట రాదు, పాడింది. జీవితంలో ఆమె పాట విన్నది అదే. మళ్ళీ వినాలన్న కోరిక నాకు లేదు.

పసుపు మెత్తగా నలిగింది. జల్లెడ పట్టి కొత్త గుడ్డలో మూట కట్టారు. ఒక పిడికెడు తీసి అక్క బిల్కీసు కొంగులో వేసింది. "పెండ్లికి రా. నీ కోళ్ళను తేకు." రోకలిని మాత్రం తిరిగి దుప్పటిలో చుట్టలేదు. రైతు ఇంటి గోడకు ఆనించింది. "రోలు ఉత్తగ ఉండొద్దు. ఉంచుకో."

"మరి నీకు?"

"నేనేడ దంచాలె, ఫ్రిజ్జులనా?"

బయటికి వచ్చేటప్పుడు అక్క అందరికంటే ముందు నడిచింది. గేటు పక్కన ఆ నీళ్ళ రోలు దగ్గర ఆగింది. అరుణ ఫోను తీసి, "ఆ ఫోటో తీసేస్త నానమ్మా" అన్నది.

"ఉంచు. మీ తాతకు చూపియ్యాలె. సొంత రోలును జూసి నవ్విన మొఖం గిట్లుంటదని."

పసుపు చెయ్యిని నీళ్ళలో పెట్టింది. అడుగున మెషిన్ తొలిచిన చోటు తాకినట్టుంది, వేళ్ళు అక్కడే ఆగాయి. దిమ్మె మీది నుంచి కారే నీళ్ళు పచ్చగా మారి గులాబీరంగు రాతి మీద చారలు కట్టాయి. ఆ రాయి మీద ఆ మరక పోదని నా నమ్మకం. అక్క రోలు మీదికి వంగి, చుట్టాలకు వినపడకుండా దానికి చెప్పింది గానీ నాకు వినపడింది.

"ఊకో. ఇగ ఏడ్వకు. పిల్ల పసుపు అయిపోయింది."

సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! నీళ్ళల్ల చెయ్యి పెట్టొద్దు!" అక్క చెయ్యి తీసి, కొంగుకు తుడుచుకుని, నిటారుగా వ్యాను వైపు నడిచింది. అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, చేతికర్ర లోపల మరిచిపోయిన్రు!"

"ఇగ అక్కర లేదు పో" అన్నది మా అక్క, తిరిగి చూడకుండా.